శుక్రవారం సెలవున్న దేశం

పెళ్లయి సికింద్రాబాద్ వచ్చేదాకా, పరాయి దేశం వెళ్లాలంటే ఓడెక్కాలనుకునేదాన్ని. బెజవాడలో రైలెక్కితే సరిపోతుందని నాకెవరూ చెప్పలేదు. సరిహద్దు స్టేషన్లో రైలు ఆగింది. హైదరాబాద్ సంస్థానం సుంకాల జవాన్లు ఎక్కి, నా ట్రంకు తెరిపించి, చీరలన్నీ కెలికి, మా అమ్మ వాసెన కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీలోకి ఇనప కమ్మీ దింపి గిరగిరా తిప్పారు. అడుగున బంగారమో తుపాకీ గుళ్లో దాచానని కాబోలు. ఆ కమ్మీ అంతకుముందు ఏ ఎండుచేపల బుట్టలో దూరి వచ్చిందో దేవుడికే తెలియాలి. వాళ్లు దిగిపోయి రైలు కదిలాక, "వాళ్ల దేశం, వాళ్ల పద్ధతి" అన్నాడు మా ఆయన. ఆయన ధైర్యం ఎప్పుడూ రైలు కదిలాకే బయటికి వస్తుంది.

బోయిగూడలో ఒక ఇంటి వెనక వాటాలో దిగాం. చుట్టుపక్కల తెలుగు వినిపిస్తూనే ఉంది, అయినా ఏదీ నాది కాదు. పోస్టు బిళ్లలు వేరు, నాణేలు వేరు. మా ఆయన కంటోన్మెంటులో ఇంగ్లీషు దొరల కంపెనీలో గుమాస్తా కాబట్టి ఆయన జీతం ఇంగ్లీషు రూపాయల్లో వచ్చేది. నాకు సర్కారు బడిలో ఉద్యోగం దొరికాక నా జీతం నిజాం రూపాయల్లో, హాలీ సిక్కాలో వచ్చేది. ఒకే దిండు కింద రెండు దేశాల డబ్బు పెట్టుకుని పడుకునేవాళ్లం. బడి గోడమీద కాలెండరులో జనవరీ లేదు, చైత్రమూ లేదు. ఆజూర్, దై, బహమన్ అని వాళ్ల నెలలు వాళ్లకున్నాయి. వాళ్ల సంవత్సరం పదమూడు వందల యాభై చిల్లర, ఆ లెక్కన నేను పుట్టడానికి ఇంకా కొన్ని వందల ఏళ్లు ఉంది.

ఇక చాయ్ సంగతి. పాలూ టీపొడీ పొద్దుటినుంచీ ఒకే గిన్నెలో పోట్లాడుకుని, సాయంత్రానికి అలిసిపోయి రాజీపడితే ఆ పదార్థాన్ని చాయ్ అనేవాళ్లు. ఏ ఇంటికి వెళ్లినా అదే. కాఫీ అడిగితే జబ్బు మనిషిని చూసినట్టు చూసేవాళ్లు. మోండా మార్కెట్లో కూరలు చవకే గానీ, వంకాయ ముట్టుకుని చూస్తే అమ్మే ఆవిడ నా చేతిలోంచి లాక్కునేది. జొన్నరొట్టెనైతే నేను తిట్టని తిట్టు లేదు. తిట్టుకుంటూనే తిన్నాను, రెండోది అడిగి మరీ తిన్నాను.

రిక్షా ఎక్కితే చాలు, తొక్కేవాడు ముందు పరదా దింపేవాడు. ఆడవాళ్లు కనిపించకూడదట. నేను పరదా పైకెత్తేదాన్ని, వాడు దిగి వచ్చి మళ్లీ దింపేవాడు. "అమ్మా, పరదా లేకుంటే నా రిక్షాకు ఇజ్జత్ ఉండది" అన్నాడొకడు. వాడి రిక్షా మర్యాద కాపాడడానికి నేను చీకట్లో ఉక్కపోతలో కూర్చోవాలన్నమాట. గుడారంలో సర్కస్ జంతువులా ఎన్నిసార్లు బజారుకెళ్లి వచ్చానో లెక్కలేదు.

అన్నింటికన్నా ఒళ్లు మండింది సెలవు దగ్గర. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, శుక్రవారం నాడు గొడుగేసుకుని, డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని బడికి వెళ్లాను. గేటుకు తాళం. గొలుసు పట్టుకుని ఊపుతుంటే ఎదురింటి అరుగుమీద నుంచి ఒకావిడ కేకేసింది. నాతోపాటు ఆ బడిలోనే పాఠాలు చెప్పే పెద్దావిడ. ముస్లిం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిల్లలు ఆపా, అంటే అక్కా, అనేవాళ్లు, తర్వాత నేనూ అలాగే అన్నాను.

"ఏందమ్మా, తాళం పలగ్గొడ్తవా ఏంది? ఇయ్యాల జుమ్మా. బడి చుట్టీ."

"శుక్రవారం సెలవేమిటండీ?"

"మరి ఎన్నడుండాలె?"

"ఆదివారం!"

ఆపా నన్ను జాలిగా చూసింది. "ఆదివారం అందరు పని జేసే దినం గదమ్మా. లోపటికి రా, చాయ్ తాగుదువు."

అలా ఆ ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టాను. లోపల మంచం మీద ఆపా తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఆయన్ని అబ్బా అనేది. ఒకప్పుడు కంటోన్మెంటులో సిపాయిల బట్టలు కుట్టిన దర్జీ. కుట్టి కుట్టి చూపు మసకబారి, ఆఖరికి పూర్తిగా పోయింది. తెల్లని లాల్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడు తీసుకెళతారా అని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు.

"మసీదుకు పొయ్యేది ఇంక శానా సేపున్నది. పొద్దుగాల్నే పెండ్లికొడుకు లెక్క తయారైతడు" అంది ఆపా.

ముసలాయన నవ్వాడు. "వారమంతా గీ మంచమే నా దునియా బిడ్డా. జుమ్మా నాడు వరుసల నిలబడితె నా భుజానికి ఇంకో మనిషి భుజం తాకుతది. గందుకే పోత."

ఆపా భర్త చనిపోయాడు, పిల్లల్లేరు. తండ్రిని తీసుకెళ్లడానికి ఇంకో మగదిక్కు లేదు. ఒకసారి పక్కింటాయన తీసుకెళుతూ మోండా మార్కెట్ జనంలో చెయ్యి వదిలేస్తే ముసలాయన కింద పడ్డాడట. అప్పటినుంచీ వీధిలో కూతురి చెయ్యి తప్ప మరొకరి చెయ్యి పట్టుకోడు. ప్రతి శుక్రవారం పరదా రిక్షాలో తీసుకెళ్లి, మసీదు మెట్ల దగ్గర ఎవరికో అప్పగించి, నమాజు అయ్యేదాకా ఆ పరదా వెనకే కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేది. అరచేతిలో చాయ్ సాసరు పట్టుకుని అదంతా విన్నాను. ఆదివారం పోయిందన్న నా కోపం మాత్రం అంగుళం తగ్గలేదు.

ఎలా తగ్గుతుంది? పుట్టినప్పటినుంచీ ఆదివారం ఆరాధన మానిన దాన్ని కాదు. మా ఊళ్లో జ్వరమొస్తే కూడా దుప్పటి కప్పుకుని వెళ్లి వెనక బల్లమీద కూర్చునేవాళ్లం. అందుకే ఆ ఆదివారం బడి సంగతి ఆలోచించకుండా, తెల్ల చీర కట్టుకుని చర్చికి వెళ్లిపోయాను. సోమవారం పెద్ద ఉస్తానీ, అంటే మా అప్పటి హెడ్మిస్ట్రెస్, పిలిపించింది. హైదరాబాదు పట్నం నుంచి వచ్చిన ఉర్దూ ఆవిడ. కుర్చీలో కూర్చుంటే నిద్ర, నిలబడితే ఆయాసం. నేను తెలుగులో ఆదివారం గురించి ఉపన్యాసం ఇచ్చాను, ఆవిడ ఉర్దూలో క్రమశిక్షణ గురించి ఇచ్చింది. మధ్యలో ఆపా ఇద్దరి మాటలూ సగానికి సగం తగ్గించి అటూ ఇటూ చేరవేసింది. లేకపోతే ఆ రోజే నా ఉద్యోగం ఊడేది.

బయటికి వచ్చాక ఆపా అంది: "గిట్ల పరేషాన్ గాకు. ఆదివారం పొద్దుగాల మీ ప్రార్థనకు పోయి రా. నువ్వొచ్చేదాక నీ క్లాసు పిల్లల్ని నా క్లాసుల కూసోబెట్టుకుంట."

"పెద్ద ఉస్తానీ చూస్తే?"

"ఆమె జూస్తదా? కండ్లు దెరిస్తె గద."

ఆ రోజునుంచీ ప్రతి ఆదివారం చర్చిలో ఆఖరి కీర్తన అవుతుండగానే లేచి, పరదా ఎత్తిపెట్టమని రిక్షావాడితో తగువాడుతూ బడికి చేరేదాన్ని. ఆపా గదిలో రెండు క్లాసుల పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఎక్కాలు చెబుతుండేవాళ్లు. ఒక్కనాడూ ఆవిడ "ఇంత ఆలస్యమా" అనలేదు. మా ఆయనకు ఆదివారం సెలవు, నాకు శుక్రవారం. ఒకే ఇంట్లో రెండు దేశాల సెలవులతో కాపురం చేశాం. ఆయన సెలవు రోజు నేను బడికి పోతే ఆయనకు భోజనం ఎవరు వడ్డించాలని మా అత్తగారు ఉత్తరం రాసింది. ఆయనకు చేతులున్నాయని జవాబు రాశాను.

తర్వాత రోజులు బాగాలేవు. రజాకార్ల కవాతులు, కర్ఫ్యూలు, పుకార్లు. మా వాళ్లు చాలామంది మూటలు కట్టుకుని బెజవాడ రైలెక్కారు. మా ఆయన ఎటూ తేల్చుకోలేక ఉండిపోయాడు. దాన్ని తర్వాత ధైర్యమని చెప్పుకున్నాడు. నలభై ఎనిమిది సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయింది. విమానాలు తిరిగాయి, వీధులు నోరు మూసుకున్నాయి, అంతలోనే కొత్త జెండాలు లేచాయి. రాత్రికి రాత్రి టోపీలు మారాయి. నిన్నటిదాకా ఎర్ర కుచ్చుటోపీ పెట్టుకుని సలాములు కొట్టిన ఇంటి ఓనరు తెల్లారేసరికి తెల్లటోపీ పెట్టుకుని నమస్తే అన్నాడు. అంత తొందరగా ఆ టోపీ ఎక్కడ కుట్టించాడో నాకిప్పటికీ అర్థం కాదు.

కొన్నాళ్లకు సెలవు మారింది. ఇకనుంచి ఆదివారం సెలవు, శుక్రవారం బడి. నేను ఎగిరి గంతేశాను, దాచడమెందుకు. మా ఆయనకూ నాకూ ఒకే రోజు సెలవన్నది పెళ్లయ్యాక అప్పుడే. ఆపా కూడా "మంచిగైంది బిడ్డా నీకు" అంది. తనకేమైందో అనలేదు. జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయని వినేదాన్ని, అక్కడి వాళ్ల బంధువులకు ఏం జరిగిందో కూడా అనలేదు. వాళ్ల గల్లీలో మగవాళ్లు పలచబడ్డారు. ఉన్నవాళ్లు తలుపులు దగ్గరగా వేసుకుని బతుకుతున్నారు. ముసలాయన మాత్రం శుక్రవారం నమాజు మానలేదు. మధ్యాహ్నం ఆపా ఆయన్ని తీసుకెళ్లేది, ఆవిడ క్లాసు పిల్లల్ని నేను నా గదిలో కూర్చోబెట్టుకునేదాన్ని. అది అడగాల్సిన విషయం కాదు, ఆవిడ అడగనూ లేదు.

అప్పుడు దిగింది మా కొత్త హెడ్మిస్ట్రెస్. పాత ఉస్తానీ ఉద్యోగం మానేసి పట్నం వెళ్లిపోతే, మద్రాసు రాష్ట్రం నుంచి ఈవిణ్ని పంపించారు. మా డెల్టా మనిషి, మా మతం మనిషి. పద్మారావు నగర్‌లో ఇల్లు తీసుకుంది. మొదటి ఆదివారమే చర్చిలో ముందు బల్ల ఎక్కి కూర్చుని, కీర్తన అందరికన్నా ఒక అడుగు ముందు పాడింది. నాతో "వందనాలండీ, మనవాళ్లున్నారు, హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్యలో బడి మొత్తాన్ని పక్కకు తోసేసింది.

వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకు అన్నీ వంకలే. పిల్లల తెలుగు తెలుగు కాదు. నీళ్లు నీళ్లు కావు. చాయ్ వాసన కడుపులో తిప్పుతుంది. జొన్నరొట్టె పశువుల తిండి. నేనూ ఆ మాటలన్నీ అన్నదాన్నే గదా అంటారేమో. నేను ఆ చాయ్ తాగుతూ అన్నాను. వాళ్ల అరుగుమీద కూర్చుని, వాళ్లు వింటుండగా అన్నాను, వాళ్లూ నా ఆవకాయను అంతకు రెట్టింపు తిట్టారు. ఈవిడ కాఫీ ఫ్లాస్కు వెంట తెచ్చుకుని, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అనేది. ఊరికి వచ్చింది గానీ ఊళ్లో కాలు పెట్టలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ నా గదిలోకి తొంగి చూసింది. రెండు క్లాసుల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు.

"ఏమండీ టీచరుగారూ, ఆవిడేరీ?"

"వాళ్ల నాన్నగారిని మసీదుకు తీసుకెళ్లారండీ. ఆయనకు చూపు లేదు. ఇప్పుడే వచ్చేస్తారు."

"బడి వేళలో మసీదేమిటండీ? ఇంకా పాత రాజ్యమే అనుకుంటున్నారా?"

"పాత రాజ్యంలో ఆదివారం నన్ను ఆరాధనకు పంపి, నా క్లాసు చూసింది ఆవిడేనండీ."

"అది వేరు."

"ఎలా వేరండీ?"

"మనది ఆరాధన కదండీ" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో ఎంత నిశ్చింత ఉందంటే, ఇక వాదించడం గోడతో వాదించినట్టే. అయినా వదల్లేదు. భోజనాల విరామం నమాజుకు ముందే అయిపోతుంది గనుక, శుక్రవారం ఒక్కరోజు గంట కాస్త ఆలస్యంగా కొట్టిద్దామన్నాను. ఎవరికీ పాఠం పోదు, ఎవరి సొమ్మూ పోదు. "మసీదును చూసి బడి గంట కొడతారా ఎక్కడైనా?" అని నవ్వింది. బుధవారం చర్చిలో స్త్రీల సమాజం కూడిక ఉందని మాత్రం ఇంటి గంట ముందే కొట్టించి వెళ్లిపోయేది. ఆ గంట ఎవరిని చూసి కొట్టినట్టో నేనడగలేదు. జవాబు మళ్లీ "అది వేరు" అనే వస్తుంది.

సాయంత్రం ఆపాను పిలిచి, నా ఎదుటే చెప్పింది: "చూడమ్మా, మళ్లీ శుక్రవారం గేటు దాటావంటే నేను పైకి రాస్తాను. ఉర్దూవాళ్లలో ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో పైన చూస్తూనే ఉన్నారు." నన్ను "మీరు" అన్న నోటితోనే, వయసులో తనకన్నా పెద్దదైన మనిషిని "నువ్వు" అంది. ఆపా తలొంచుకుని నిలబడింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "మనకెందుకే, కొత్త రాజ్యం, కొత్త మనుషులు" అన్నాడు. పాత రాజ్యంలోనూ ఆయన మాట అదే.

ఆ వారమంతా మేమిద్దరం వాదించుకున్నాం. గురువారం సాయంత్రం వాళ్లింట్లోనే, ముసలాయన మంచం పక్కనే కూర్చుని వాదించుకున్నాం.

"నేనైతె పోత. నౌకరి పోతె పోనీ. అబ్బాకు ఉన్నది గదొక్కటే" అంది ఆపా.

"ఉద్యోగం పోతే ఇద్దరూ ఏం తింటారు ఆపా? పోనీ ఇంకెవరినైనా తీసుకెళ్లమందాం."

"ఇంకోలెవరున్నరు? ఉన్నా ఆయన పోడు. నీకు దెల్వదా?"

ముసలాయన కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. చాయ్ చల్లారిపోయిందని మాత్రం అన్నాడు.

మర్నాడు భోజనాల గంట కొట్టగానే ఆపా బయల్దేరింది, నేనూ వెంట వెళ్లాను. ఆయన్ని తయారు చేసి రిక్షా ఎక్కించడానికి సాయం చేసి, వెనక్కొచ్చి రెండు క్లాసులూ చూద్దామని, ఆ హెడ్మిస్ట్రెస్ అడిగితే మొహం మీదే అనేద్దామని నా ఉద్దేశం. అనాల్సిన మాటలు కూడా దారిలో కూడబెట్టుకున్నాను.

ముసలాయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లుంగీ, చిరిగిన బనీను.

"అబ్బా, గిట్ల పండుకున్నవేంది? లే. జుమ్మా."

"జుమ్మానా? రేపు గదా" అన్నాడు.

"రేపు గాదు, ఇయ్యాలనే."

"ఇయ్యాల జుమేరాత్ బిడ్డా. నిన్న బుధారం గాలేదా?" అన్నాడు. "ముసలోన్నయిన గని గంత మతి తప్పలే. పో, నీ బడికి పో. రేపు పోదాం."

నేను నోరు తెరవబోయాను. నిన్న గురువారమనీ, ఆయన పక్కనే కూర్చుని మేం మాట్లాడుకున్నామనీ చెప్పబోయాను. అంతలో మసీదులోంచి నమాజు పిలుపు, బాంగు, మొదలైంది. ఆయన గోడవైపు ఒత్తిగిలాడు. పెదవులు బాంగుతోపాటు కదలడం నాకు కనిపించింది. గడ్డం నున్నగా దువ్వి ఉంది. పైకి వచ్చిన చెవి మడతలో చిన్న దూది ఉండ ఉంది. శుక్రవారం నాడు మసీదుకు వెళ్లే మగవాళ్లు అత్తరులో ముంచిన దూదిని చెవి మడతలో పెట్టుకుంటారు. మరే రోజూ ఆయన చెవిలో అది చూడలేదు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, గడ్డం దువ్వుకుని, అత్తరు పెట్టుకుని, తెల్ల లాల్చీ తొడుక్కుని, మళ్లీ అన్నీ విప్పేసి పడుకున్నాడు. దూది సంగతి మరిచిపోయాడు.

ఆపా కూడా చూసింది. వంగి, మెల్లగా ఆ దూదిని తీసింది.

"చెవుల ఏందో అంటింది అబ్బా. పరుపుల దూది గావొచ్చు."

"గదే అయుంటది" అన్నాడు ఆయన గోడకేసి.

"సరే అబ్బా. రేపు పోదాం" అంది ఆపా. దూదిని కొంగు చివర ముడివేసుకుంది.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండిపోయింది. ఆ హెడ్మిస్ట్రెస్ మీద, ఆవిడ ఫ్లాస్కు మీద, మాకు ఆదివారం వచ్చిందని చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించిన మా పెద్దల మీద మండింది. ఒక గుడ్డి ముసలాయనకు వారంలో ఒక్కసారి పక్క మనిషి భుజం తగలడానికి బడి గంట కాస్త ఆలస్యంగా కొట్టలేని కొత్త రాజ్యం ఏం రాజ్యమని మండింది. బాంగు అయ్యాక ఆపా కుండలోంచి నీళ్లు ముంచి తండ్రికి ఇచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

మేం గేటు దగ్గరికి వచ్చేసరికి హెడ్మిస్ట్రెస్ వరండాలో నిలబడి ఉంది. ఆపాను చూసి సంతోషపడింది.

"చూశావా అమ్మా, టైముకు వచ్చేశావు. మొదట్లో కష్టంగా ఉంటుంది గానీ, అలవాటు చేసుకుంటే ఏదైనా అలవాటైపోతుంది."

నేను కూడబెట్టుకున్న మాటలు అనేద్దామని ఒక అడుగు ముందుకేశాను. ఆపా ఆగి, ఆవిడ ముఖంలోకి నేరుగా చూసింది.

"అవునమ్మా. మా అబ్బాకు సుత అలవాటైంది" అని తన క్లాసులోకి వెళ్లిపోయింది.